ఒక మిల్లీమీటరు మందం

ఖ్రోనింగెన్‌లో నవంబరు. నాలుగున్నరకే చీకటి.
నేలమాళిగలో ఉన్న మా గదికి ఆ సంగతి పట్టదు,
దానికి పగలన్నదే తెలియదు.

గాజు తొట్టిలో గ్లిజరిన్ కలిపిన నీళ్లు.
నీళ్లలో వెండిపూత పూసిన గాజు రవ్వ,
ఏ జల్లెడలోనూ నిలవనంత సన్నం.
చెంచాడు వేస్తే కోట్ల లెక్క.
మధ్యలో సిలికాన్ గొట్టం,
గొట్టంలో రెండు రెక్కల కవాటం.
ఎవరి గుండెలోకో వెళ్లాల్సింది
ముందు మా దగ్గర పరీక్షకు కూర్చుంది.

"అద్దాలు," అంటుంది షౌక్యె, నావైపు చూడకుండానే.
నారింజ రంగు అద్దాలు తగిలించుకుంటాను.
నాలుగేళ్లుగా ఈ లేజరుతోనే బతుకుతున్నా
దాని పచ్చదనం నేరుగా చూసింది లేదు.
చూస్తే అదే ఆఖరు చూపు.

సూదిలాంటి కిరణం.
దానికి అడ్డంగా ఒక గాజు కడ్డీ,
అప్పడాల కర్ర పని చేస్తుంది.
వెలుగు పలచగా సాగి, రేకులా నిలబడి
నీటిని నిలువునా కోస్తుంది.
రేకు మందం ఒక మిల్లీమీటరు.
అందులో పడ్డ రవ్వ మెరుస్తుంది,
పడనిది ఉన్నా లేనట్టే.

రెండు ఫొటోలు. మధ్యన రెప్పపాటులో వెయ్యో వంతు.
మొదటి దాంట్లో ఇక్కడున్న చుక్క
రెండో దాంట్లో ఎంత జరిగిందో అదే వేగం.
ఇంతోటి దానికి డాక్టరేటు ఇస్తారు.

తెరమీద బాణాలు మొలిచాయి,
గాలికి ఒకే వైపు వాలిన గడ్డిలా, ముచ్చటగా.
కవాటం కీలు పక్కన మాత్రం, గోరంత మేర,
ఒకటి పైకి, ఒకటి కిందికి, ఒకటి వెనక్కి.
కంప్యూటరు వాటికి ఎర్ర రంగు పూసింది.

"పొల్లు," అన్నాను.
"చెరిగేసి పక్కవాటి సగటు నింపేద్దాం. అందరూ చేసేదే."

షౌక్యెకి డిగ్రీ లేదు.
ద్రాఖ్తెన్‌లో పాల కర్మాగారంలో పైపులు బిగించి
ఇక్కడికొచ్చి ముప్పై నాలుగేళ్లు.
తెరకు దగ్గరగా వంగింది.

"పొల్లని నీకెవరు చెప్పారు, ఎబ్బో?
ఒక ఫొటోలో ఉండి రెండో దాంట్లో లేకపోతే
తప్పిపోయినట్టు కాదు.
మన రేకు దాటి పోయాయి.
అటు పోయేదానికి మన దగ్గర బాణం లేదు, అంతే."

శుక్రవారం సాయంత్రం.
బయట నా సైకిలు సీటు తడుస్తోంది.
ఆమె అప్పటికే స్పానరు తీసింది.

లేజరు విప్పి, పక్కకు తిప్పి,
చుక్కల పలకను మళ్లీ నీళ్లలో దించి,
అర మిల్లీమీటరు తేడాకి
ఫ్రిసియన్‌లో ఏదో తిట్టి
(అర్థం అడిగితే చెప్పలేదు)
ఎనిమిదింటికి మళ్లీ రెండు ఫొటోలు.

ఉంది.
కీలు సందులోంచి దారమంత ధార,
కెమెరా ఉన్న వైపే సూటిగా.
మూడు వారాలుగా మా ముఖాల మీదికే చిమ్ముతోంది,
మేం ఎదురుగా కూర్చుని చుక్కలు లెక్కపెడుతున్నాం.
ఆ ధారకి చిక్కిన ఎర్రకణం
పాత గుడ్డలా చిరిగిపోతుంది.

పంపు ఆపేశాను. నీళ్లు నెమ్మదించాయి.
రవ్వ ఎక్కడిదక్కడ ఆగి, ఎటూ తేల్చుకోక.

అయినా చప్పుడు ఆగలేదు.
టిక్. టిక్.
చేతి గడియారాన్ని ఎవరో దుప్పటి కింద దాచినట్టు.
తొట్టిలోకి చూశాను: కవాటం మూసే ఉంది.
షౌక్యె తీగ చుడుతోంది, మోచేతికీ అరచేతికీ మధ్య.

"పాత రకం," అంది.
"తొంభై ఎనిమిదిలో పెట్టారు.
పెళ్లిళ్లలో, చర్చిలో కాస్త ఇబ్బంది."

ఏమనాలో తోచక అద్దాలు తుడిచాను.
ఆమె కోటు గుండీలు పెట్టుకుని
దినచర్య పుస్తకం ముందుకు లాక్కుంది.
తేదీ. నీళ్ల వేడి. రేకు కోణం తొంభై.
కింద పెన్సిలుతో, కాస్త పెద్ద అక్షరాల్లో:
ఎర్ర బాణాలు తీసేయలేదు.