తడి పలక

ఒంగోలు, కర్నూలు రోడ్డు మీద టైల్సు కొట్టు.
కుర్రాడు పేజీలు తిప్పుతా ఉన్నాడు:
ఇది ఇటాలియన్,
ఇది రాజస్థాన్ కోట మోడలు,
ఇది బీచ్ స్టైల్ మేడమ్, గోడ నిండా అలలు,
మూలకో డాల్ఫిన్.

మా ఆయన డాల్ఫిన్ కాడ ఆగిపోయాడు.

పదకొండేళ్లుగా కనిగిరి సందుల్లో
నీళ్ల ట్యాంకరు తోలే మనిషి.
మూత సందులోంచి గ్లాసుడు ఒలికినా
అద్దంలో చూసి పళ్లు కొరుక్కునే మనిషి.
ఆయనకి సముద్రం కావాలంట.
నాలుగడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు.

నేనేమీ అనలేదు.
తెల్లారగట్ట మూడింటికి బోరు కాడ వంతుకోసం
స్టీరింగు మీద తల ఆనించి కునికేవాడి కలలోకి
చేప రాకూడదని ఎక్కడుంది?

మేస్త్రీ మాలకొండయ్య మాత్రం నవ్వాడు.
నవ్వితే పళ్ల మీద
మా బోరునీళ్లు గీసిన గోధుమరంగు చారలు.
"షవరా? మూడు నెలలమ్మా.
చిల్లులన్నీ సున్నం పట్టి
పడిశం పట్టిన పిల్లోడల్లే చీదుద్ది.
ఇంక నీ డాల్ఫినంటావా,
ఏడాది తిరిగేలోపు దానికీ మా పళ్లే వస్తయ్."

ఆ రాత్రి నాకు అమ్మ చేతులు గుర్తొచ్చినయ్.
మార్కాపురంలో పలకల షెడ్డు.
వందకింత లెక్కన చెక్కఫ్రేములు బిగించేది,
గోళ్ల కింద ఎప్పుడూ బూడిదరంగు పొడి.
ఇప్పుడు పలక మీద దిద్దే పిల్లలు లేరు.
దిద్దించుకోవాల్సిన రాయి
ఎవరెవరి గోడలకో అంటుకుంటంది.

టెంపో మాట్లాడుకుని నేనే పోయాను.
అంచులు విరిగిన లాటు, సగం ధరకి.
ఒకటి నల్లన, ఒకటి పచ్చి ఆకురంగు,
ఒకటి తుప్పు పట్టిన రేకల్లే.
మెరుపు లేదు. పాలిష్ వద్దన్నాను.

"గుహలాగుందే," అన్నాడు మా ఆయన,
రెండు రోజులు అన్నం దగ్గర మాట్లాడలా.

మూడోరోజు పొద్దున్నే లోపలికి పిలిచి
గోడ మీద ఒక్క మగ్గు పోశాను.
ఎండు బూడిద కాస్తా
ఉరమబోయే ముందటి ఆకాశమయింది.
కనిగిరికి మబ్బు పట్టాలంటే
ఒక మగ్గు చాలు.
ఆయన నోరు తెరిచాడు, మూసుకున్నాడు.

నేల వాలు తూర్పుకి పెట్టించాం.
ఒంటి మీంచి జారిన నీళ్లు గొట్టంలో పోయి
పెరటి గోడవార అరటిపిలక కాళ్లు కడుగుతయ్.
కనిగిరిలో అరటాకు!
పక్కింటి ఖుర్షీదక్క తాకి చూసి మరీ నమ్మింది.

ఇక మా మోక్షిత.
పలక కనపడితే ఊరుకుంటదా,
ఎక్కణ్ణించో బలపం సంపాదించి
తలుపు పక్కన లెక్క రాసింది:
నాన్న తొమ్మిది. అమ్మ ఏడు.
నేను పదమూడు, బ్రాకెట్లో తలస్నానం.
"నావి ఎనిమిదేనే!" అని నాన్న తగూ.
సాయంత్రానికి ఎవరి నీళ్లో తగిలి
అందరి అప్పులూ చెరిగిపోయేయి.
మర్నాడు మళ్లీ ఒకటి నుంచి.

మే నెల.
ఆరు ట్రిప్పులు తిప్పి వచ్చాడొకనాడు,
కనుబొమల మీద కూడా దుమ్ము.
తలుపేసుకున్నాడు. మగ్గు చప్పుడు లేదు.
ఎంతసేపటికీ లేదు.
గొంతు పెగిలి పిలవబోతుంటే వచ్చేశాడు,
వేళ్లకి తెల్లపొడి, కళ్లు పక్కకి.

వెళ్లి చూశాను.
నడుమెత్తులో, పొడి రాయి మీద
వంకాయకి తోక పెట్టినట్టు
ఒక చేప.
డాల్ఫినంట.

అప్పట్నించీ ముగ్గురం
ఆ రాయి తడవకుండా ఒళ్లు ఒదిగించి
వారగా పోసుకుంటన్నాం.
నాకు ఏడో మగ్గు అవసరం పట్టంలా.