మూడో రీలు

మే నెల. రైల్వే ఇన్‌స్టిట్యూట్ వెనుక
రెండు గుంజలకు కట్టిన తెల్లబట్ట మీద
మంచు కురుస్తున్నది.
కింద నేల ఇంకా పగటి వేడిని కక్కుతనే ఉంది.
లోకోషెడ్డు దిగి మసిచేతులతోనే వచ్చినోళ్లు
బనీన్లు ఎత్తి ఇసురుకుంటున్నరు.

ఎవరి యుద్ధమో, ఎక్కడి అడవో.
గడ్డకట్టిన నేలల పలుగు దిగక
ఒకడు ఏడుపసొంటి నవ్వు నవ్వుతున్నడు.
గార్డు డిక్రూజ్ మూడు మాటలకొక మాట
తెలుగు చేసి చెప్తున్నడు:
"చాయ్ ఉందా అంటున్నడు."
"లేదన్నడు."
"ఇంటికాడ బర్రె ఈనిందంట."
ఇది మాత్రం ఆయన సొంతంగ అల్లిందని
అందరికీ తెలుసు. అయినా
ఆ బర్రె కోసమన్న వాడు బతకాలనుకున్నం.

ఫిరంగులు మోగితే పిల్లలం ఈలలేసినం.
చుట్టపుచూపుగ వచ్చిన ఎనుమాముల హమాలీ సారంగం
తేల్చి చెప్పిండు:
"మంచు గాదుర అది, జిన్నింగు పత్తి.
గింజ సుత సరిగ తియ్యలే."
ఒకటే నవ్వులు.

కట్టయ్య నవ్వలే.
ఇంజన్ల బొగ్గు పార పట్టకముందు
ఎక్కడో ఉత్తరాన కొండల మీద
నాలుగు చలికాలాలు కాపలా ఉన్నడని
ఆయన భార్య చెప్పంగ విన్నదే,
ఆయన చెప్పంగ ఎవరూ వినలే.

మూడో రీలుల, గుంతల, ఒక సిపాయి
పక్కోని బూటు విప్పి
ఆ పాదాన్ని తన అంగీ లోపలికి తీసుకొని
పొట్టకు ఆనించుకున్నడు.
మాటల్లేవు. డిక్రూజ్‌కు పని లేదు.
కట్టయ్య తన ఎడమకాలును
మెల్లగ తువ్వాల కిందికి జరుపుకున్నడు.
రెండే వేళ్లున్న కాలు.
పుట్టుకతోనే అంతేనని మాకు చెప్పిన కాలు.

అప్పుడే రీలు ఇరుక్కుంది.
ఆ పొట్ట మీద, ఆ పాదం మీద
గోధుమరంగు బొబ్బ లేచి
మంచంతా కాలిపోయింది.
ఉత్త బట్ట మిగిలింది, దాని మీద పురుగులు.

ఓదెలు లాంతరు పట్టుకొని అతికిస్తున్నడు.
జీటీ పోయింది, నేల అదిరింది.
చీకట్లకెల్లి కట్టయ్య గొంతు,
ఎవరినీ అడగనట్టు:
"ఆ పిలగాని కాలు దక్కిందా?"

డిక్రూజ్ ఆ సినిమా ఇంతకుముందు చూసినోడు.
మూడు అగ్గిపుల్లలు గీసిండు, సిగరెట్ అంటలే.
"దక్కింది" అన్నడు.

రీలు మళ్ల తిరిగింది.
అదే గుంత. అదే మంచు.
గుంతల ఒక్కడే ఉన్నడు,
చేతిల ఇంకొకని బూటు.

మాలో ఎవ్వరం
గార్డు దిక్కు చూడలే.