అర సెకను

ముక్తేశ్వరం రేవులో పంటు కదిలాక
పరిగెత్తుకొచ్చే మనిషి ఒకడు ఎప్పుడూ ఉంటాడు.
చంకలో సంచి, చేతిలో చెప్పులు,
"ఆపండెహె!" అని కేక.
ఒక కాలు గట్టు వదిలి, రెండోది చెక్కకి అందక
గాల్లో ఉండే ఆ అర సెకను,
యాళ్ళ పుండరీకం గారి బడి అదే.
నాన్న టిక్కెట్లు చింపుతుంటే
పక్కన కూచుని చూసేవారట, తొమ్మిదేళ్ళప్పుడు.

పడిపోతే జాలేస్తుందిరా, అనేవారు నాతో,
ఎక్కేస్తే మర్చిపోతాం.
ఏదవుతుందో తెలీనప్పుడు
పంటు మీదున్న అందరి ఊపిరీ ఒకటవుతుంది.
కత్తెర అక్కడ పెట్టు.

ఆయన ఎడిటింగు గదిలో పందొమ్మిదేళ్ళు
టీ తెచ్చాను, టేపులు చుట్టాను, తిట్లు తిన్నాను.

హైదరాబాదులో ముందు ఆయన యాసకి నవ్వారు,
ఆయన తీసినవాటికి తర్వాత.
సంభాషణల్లో "ఆయ్" తీసెయ్యమన్నాడొక అధికారి,
అందరికీ అర్థం కాదని.
చేతులు కట్టుకుని
కాసేపు ఆగి
"ఆయ్, తీసేత్తానండి" అన్నారు.
మూల బల్ల దగ్గర టైపిస్టు నవ్వు ఆపుకోలేకపోయింది.
అధికారి కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా.
మాట ఉండిపోయింది.

పెళ్ళిళ్ళకి వాయించే బ్యాండు మేస్త్రి,
ముహూర్తానికి ఎప్పుడూ చేరలేని క్లారినెట్టు,
పదమూడు వారాలు.
మంగళవారం రాత్రి ఎనిమిదిన్నరకి
మండపేటలో కిళ్ళీ కొట్లు ఖాళీ అయ్యేవి.
ఇప్పుడు చూపిద్దామంటే ఒక్క టేపూ లేదు.
వాటి మీదే కొబ్బరి కొమ్ముపురుగు నివారణ ఎక్కించారు.
ఆ సంగతి చెప్పినప్పుడు మాత్రం
ఆయన గట్టిగా నవ్వడం విన్నాను.

తర్వాత కొత్త చానెళ్ళు, కొత్త యంత్రం.
మీట నొక్కితే నవ్వు.
చెవికి ఫోను పెట్టుకుని విని విని
"ఇందులో ఒక్కళ్ళకీ పన్ను ఊడలేదేంట్రా" అని
రికార్డరు నా భుజానికి తగిలించి
ఆ రాత్రే బస్సెక్కించారు.

అంబాజీపేట. పీచు కళ్ళం. వాన వెలిసిన మధ్యాహ్నం.
డొక్కలు ఒలిచే ఆడవాళ్ళకి జోకేమీ చెప్పలేదాయన.
తెల్ల ప్యాంటుతో, నల్ల బూట్లతో
తడి పీచు గుట్ట ఎక్కడం మొదలెట్టారు,
ఏదో పెద్ద సభకి వెళ్తున్నట్టు.
ముందు అందరూ నవ్వారు.
గుబ్బల మంగాయమ్మ నవ్వలేదు.
ఆయన పైకంటా వెళ్ళి, వెనక్కి తిరిగి, నమస్కారం పెట్టి,
జారబోయి
జారకుండా నిలబడ్డాక,
అప్పుడు అందుకుంది,
మొండికేసిన పడవ ఇంజను అందుకున్నట్టు.
చివర ఒక ఎక్కిళ్ళు.
"దీనికి డబ్బులిత్తారేటండి?"
యాభై ఇచ్చారు. రసీదు మీద వేలిముద్ర:
నవ్వినందుకు.
ఆఫీసువాళ్ళు ఆ ఖర్చు ఒప్పుకోలేదు.

మంచివాడని చెప్పలేను.
నటుల్ని ఏడిపించేవారు, జీతం రోజున కనపడేవారు కాదు.
రాజ్యం గారు ఒకసారి అన్నారు,
నవ్వంతా అక్కడే ఖర్చు పెట్టి
ఇంటికి ఒట్టి చేతుల్తో వస్తారని.

పక్షవాతం వచ్చాక అమలాపురం ఆసుపత్రిలో
మూతి ఒక పక్కకి పోయింది.
నన్ను చూసి ఏదో హాస్యం మొదలెట్టారు.
పంటు, రేవు, ఒక బూరెల బుట్ట...
మాట మాటకీ చాలా దూరం.
నేను తొందరపడి నవ్వేశాను.
సెట్టులో తప్పు జరిగితే చూసే చూపు చూసి
కళ్ళు మూసుకున్నారు.
ఆ బుట్ట ఏమైందో నాకు తెలీదు.

నిన్న రాత్రి రావులపాలెం బస్టాండులో
హోటలు టీవీలో ఏదో కార్యక్రమం.
ఎవరో ఎవర్నో చెంప మీద కొట్టాడు.
వెనక గుంపు నవ్వింది.
గుంపు అయిపోయాక
ఒక ఇంజను ఆలస్యంగా అందుకుంది,
చివర ఎక్కిళ్ళు.
మంగాయమ్మ పోయి పదకొండేళ్ళు.

జోకు బాలేదు.
ఆవిడ నవ్వింది తడి పీచు మీద తెల్ల ప్యాంటుకి.
టీ చల్లారిపోయింది,
బస్సు కదులుతోందని ఎవరో అరిచారు,
చేతిలో సంచితో
పరిగెత్తాను.