ఎడమవైపు అద్దం

పుదుపేట సందులో ఏళుమలై
ఊడిన తలుపుల గుట్టెక్కి అడుగుతాడు:
"డాట్సనా? ఆ కంపెనీయే లేదు గదమ్మా!"
లేదు. ఒరగడంలో లైను ఆగిపోయి ఏళ్లయింది.
నా బండికే ఆ కబురు ఎవరూ చెప్పలేదు.

తెల్లారుజామున నాలుగింటికి
పన్నెండు డబ్బాల దోసెపిండితో పెరంబూరు దాటుతుంది.
తలుపేస్తే బిస్కెట్ల డబ్బా మూత చప్పుడు,
బేసిన్ బ్రిడ్జి ఎక్కాలంటే ఏసీ కట్టేయాలి,
వెనక సీట్లో మా ఆడబిడ్డ మోకాళ్లు గడ్డానికి తగులుతాయి.
అయినా లీటరుకి పద్దెనిమిది.
ఆ ఏడాది వరదలో స్టీరింగు దాకా మునిగి
వారం ఎండాక
రెండుసార్లు దగ్గి లేచింది.

కొన్ననాడు షోరూం కుర్రాడు చెప్పాడు,
పేరు చివర్న మొదట్లో కొడుకు ఉండేవాడట.
జపాను చెవికి అది నష్టమని వినిపిస్తే
ఒక్క ఇంగ్లీషు అక్షరం మార్చి
కొడుకుని సూర్యుణ్ణి చేశారట.
మన లిపిలో ఆ తేడా నిలవదు.
నా పద్దుపుస్తకంలో డాట్సన్ అనే రాశాను,
కొడుకూ నష్టమూ పొద్దూ
ఒకే నకారప్పొల్లు కింద.

ఏళుమలై గుట్ట దిగాడు.
చేతిలో అద్దం, ఎర్రది.
బండి తెల్లది.
ఆరువందలన్నాడు, నాలుగొందలిచ్చాను.
బిగించాక వంగి చూసుకుంటే
చెవి దగ్గర ఎండిన పిండి.