ఎడమ పురి

"మస్తానయ్యా, పదిహేను రోజులు" అన్నాడు మేజర్.
"గేటు దగ్గర దిమ్మె కట్టాం. క్రేనుతో ఎత్తి కూర్చోబెడతాం.
నువ్వు పైపైన చూస్తే చాలు."
అది నడిచే ఎక్కుతుంది సార్, అన్నాను.
ఎందుకన్నానో.
రిటైరై తొమ్మిదేళ్ళు, నోరొక్కటే ఇంకా డ్యూటీలో ఉంది.

ఆవడిలో ఏప్రిల్.
ఇనుము మీద అరచెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే.
గాలి గొట్టం విప్పితే కందిరీగల మట్టిగూడు,
సీళ్ళు అప్పడాల్లా విరిగాయి,
నూనె పుల్ల బయటికి లాగితే మజ్జిగ.
ఈ ఇంజనుకి పుట్టుకతోనే నీళ్ళ జబ్బు.
అంబత్తూరు ఐటీఐ పిల్ల యాళిని ముక్కు మూసుకుని అడిగింది:
ఒక్క సిలిండర్లో రెండు పిస్టన్లా అయ్యా?
అవునమ్మా. ఎదురెదురుగా పరిగెత్తుకొస్తాయి.
తగలవు.

నాలుగో రోజు
నీళ్ళ పంపు దగ్గర టార్చి పట్టింది.
బోల్టుల తలల్లోంచి దూర్చిన తీగ,
పురి ఎడమకి.
షాపు మొత్తంలో ఎడమచేతివాడు ఒక్కడే, దేవసహాయం.
సమ్మె నాడు నేను గేటు బయట,
అతను లోపలికి నడిచిపోయాడు టిఫిన్ క్యారియరుతో.
ఆ తర్వాత పందొమ్మిదేళ్ళు ఒకే బెంచి.
స్పానరు కావాలంటే బెంచి మీద పెట్టేవాడు,
చేతికి కాదు.
కొరటూరులో మట్టి చేసిన రోజు
నాకు షిఫ్టుందని కబురు పంపాను.
లేదు.

పంపు కారుతోంది. విప్పక తప్పదు.
కటింగ్ ప్లేయరు తీసుకుని కత్తిరించాను.
కొత్త తీగ నేనే కట్టాను.
రెండుసార్లు ఎడమకి తిప్పబోయాను, వేలు తెగింది.
నాకు కుడి పురే వచ్చు.

అన్నీ అయ్యాక, స్టార్టరు నొక్కితే
టక్.
అంతే.
బ్యాటరీలు మార్చాం. టక్.
రిలే మార్చాం, స్టార్టరు దింపి బ్రష్షులు గీకి మళ్ళీ ఎక్కించాం,
నడుములు పోయాయి. టక్.
మూడు రోజులు దాన్ని తిట్టాను,
తెలుగులో, అరవంలో, చివరికి మేజరు హిందీలో.
యాళిని మీటరు పట్టుకుని దాని ఒంటిమీద
డాక్టరమ్మలా అక్కడా ఇక్కడా ఆనిస్తోంది.
"అయ్యా, నొక్కండి."
టక్.
"స్టార్టరు ఒంటికీ, బండి ఒంటికీ మధ్యే పందొమ్మిది వోల్టులు పోతున్నాయి."
ముళ్ళు చూపించింది.
"దీనికి ఎర్త్ లేదయ్యా."

నలభై టన్నులు. నేలలో జానెడు దిగబడి కూర్చుంది.
దానికి భూమి అందడం లేదట.

వెనక తలుపు పక్కన ఎర్త్ పట్టీ విప్పాం.
కింద కొత్త రంగు, మూడు కోటింగులు, నున్నగా.
ప్రదర్శనకని పెయింటర్లు పట్టీ ఎత్తి మరీ పూశారు పాపం,
పని బాగా చేశారు.
గరుకు కాగితంతో గీకింది పిల్ల,
రూపాయి బిళ్ళంత మేర
తెల్లటి ఇనుము తేలేదాకా.

ఆరునలభైకి పలికింది.
ముందు తెల్లపొగ, తర్వాత నల్లది,
వేపచెట్టు మీది కాకులు పట్టాభిరాం దాకా పోయుంటాయి.
హవల్దార్ బల్వీందర్ తోలుతుంటే
నేను ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ
రెండు చేతులతో పిలుచుకుంటూ వచ్చాను,
రెండువందల గజాలు.
దిమ్మె ఎక్కింది. ఒక్కసారి ఊగి నిలబడింది.
మేజరు చప్పట్లు కొట్టాడు.

మధ్యాహ్నం డీజిలు తోడేశారు,
బ్యాటరీలు దింపేశారు.
పిల్లలెక్కి దూరకుండా మూతలన్నీ మూసేయమని
ఆర్డరు ముందే ఉందట.
వెల్డరు వచ్చాడు, బీడీ చెవిలో పెట్టుకుని.
ఎర్త్ క్లాంపు తగిలించడానికి
రంగు లేని చోటు కోసం చుట్టూ తడిమాడు,
వెనక తలుపు పక్కన దొరికింది,
తళతళలాడుతూ.
"ఎవరో బాగా గీకి పెట్టారే" అన్నాడు.

యాళిని నా వంక చూసింది.
అద్దాలు పెట్టుకోమ్మా, అన్నాను,
వెలుగు కళ్ళకి మంచిది కాదు.