ఖాళీ గడి

పట్టికలో ఒక్క గడి నిండలేదు:
గురువారం, రెండు నుంచి నాలుగు.

మిగతావన్నీ ఎట్లాగో పూడ్చాను.
పొద్దున ఆరింటికి వాళ్ళమ్మ అండాళు.
స్నానం, అరటిపండులో దాచిన ఫిట్స్ మాత్ర,
మెడ దగ్గర లేబుల్ కత్తిరించిన చొక్కా.
(ఆ లేబుల్ ఒరుసుకుందంటే ఆ రోజు
వారాసిగూడలో మా గల్లీ మొత్తానికి తెలుస్తుంది.)
తొమ్మిదికి ఆమె హాస్టల్ వంటకు పోతుంది.
అప్పటినుంచి స్టెల్లా.
నెలకు రెండుసార్లు ఫిజియో,
వస్తానని రాని రోజులు ఎర్ర పెన్నుతో.
సదరం స్లాటు కోసం నేను మీసేవ ముందు నిలబడిన పూటలకు
గడి లేదు. అవి వెనక పేజీలో.

స్టెల్లా మంచిది. కానీ పార్శిగుట్టలో
వాళ్ళింటికి నల్లా రోజు విడిచి రోజు,
సరిగ్గా రెండింటికి.
"మేడం, మీరు చెప్పిన టైముకు నేనుంటా.
నీళ్ళొచ్చే టైముకు మా ఇంట్ల ఎవరుంటరు?"
ఇరవై తొమ్మిదేళ్ళ వరదరాజుకు
నల్లా లేని గురువారం తోడు మనిషి ఉంది,
నల్లా వచ్చే గురువారం లేదు.
ఏ కాగితంలో, ఏ వరసలో రాయను దీన్ని?
అండాళు సగం పూట జీతం వదులుకుని
ఉరికొచ్చేసరికి రెండున్నర.
మధ్యలో ఆ అరగంట సంగతి
మేమెవరం అడగలేదు.

పదకొండు ఫోన్లు చేశాను.
వాళ్ళ చిన్నాన్న "చూద్దాం" అన్నాడు,
ఆ మాటకు అర్థం నాకు తెలుసు.
చర్చి వాళ్ళు ఆదివారమైతే సరే అన్నారు.
కాలేజీ పిల్లలు ఒకసారి వచ్చారు, ఫొటో దిగారు.
ఒకాయన అడిగాడు, "కొడతాడా?"
లేదండీ, లెక్కపెడతాడు.
మెట్లు, బిస్కెట్టు మీద చిల్లులు,
మాటల్లో నేను "అదే" అన్న సార్లు.
(నలభై మూడు. వాడే చెప్పాడు.)

ఆ గురువారం నేనే కూర్చున్నాను.
రెండు కాకముందే లేచాడు వరద.
గోడ వెంట పోయే పైపు మీద అరచెయ్యి పెట్టాడు,
తర్వాత చెంప.
నాకేమీ వినబడలేదు.
"వచ్చె," అన్నాడు.
నీళ్ళకు ముందు గాలి వస్తుంది, సన్నగా,
పాలు పొంగే ముందు గిన్నె చేసే చప్పుడంత.
చెప్పులు లేకుండా పక్క వాకిట్లోకి పోయి
ఖైరున్నిసా బీ కొంగు రెండుసార్లు లాగాడు.

బీకి డెబ్బై ఆరు. చెవులు ఎప్పుడో పోయాయి.
ఆమె లేచి డ్రమ్ము కింద పైపు సర్దింది,
నన్ను చూసి, వీళ్ళకు ఇప్పుడా తెలిసేది
అన్నట్టు నవ్వింది.
వాడు బకెట్లు లెక్కపెట్టాడు, పద్నాలుగు.
ఆమె చింతపండులో గింజలు తీసింది.
మాటల్లేవు.
ఆమెకు వినబడవు, వాడికి అక్కర్లేదు.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టడం
దిండు మీద చేసి చూపించాను బీకి.
కిరాణా కొట్టు పరశురామ్‌కి కూడా.
ఆమె ఫోను ఎత్తదు కాబట్టి
పళ్ళెం మోగిస్తే అతను రావాలి.
పళ్ళెం కొక్కేనికి తగిలించాం.
రెండు వారాలు మోగలేదు. మూడో వారం మోగింది,
పరశురామ్ తూకం వదిలేసి వచ్చాడు.
పిల్లి తోసిందట.

సహాయకులు అన్నచోట బీ పేరు,
లబ్ధిదారు అన్నచోట వరద పేరు రాసి ఇచ్చాను.
సారు కళ్ళద్దాలు పైకి జరిపి
"ఆమెకు డెబ్బై ఆరు, పైగా చెవుడు.
ఇందులో ఎవరు ఎవర్ని చూసుకుంటున్నట్టమ్మా?"
జవాబు రాసేంత చోటు ఫారంలో లేదు.
"సరే, పెన్సిల్‌తో ఉండనీ," అన్నాడు.

పెన్సిల్‌తోనే ఉంది.
సోమవారం నుంచి నల్లా
తెల్లవారుజామున నాలుగింటికి మారుస్తున్నారట.
రబ్బరు ఎక్కడ పెట్టానో
వెతుకుతున్నాను.