పంతొమ్మిది పిన్నులు

పేరు చెరిగిపోయింది.
ఆలివ్ పచ్చ గుండ్రటి మొహం మీద
ఏ స్క్రూడ్రైవరో, ఎవరి చెమటో
నంబర్ని తినేసింది.
మిగిలింది ఒక నాలుగు,
దాని పక్కన అంకో గీతో తెలియని గాటు.

వేలంలో వచ్చిన వాక్యూమ్ ఛాంబర్ మాది.
మూతకి ఫీడ్‌త్రూ ఉంది, దానికి తగిలే ప్లగ్గు లేదు.
రోడ్డు మీద ఒక్క చెప్పు దొరికినవాడి సంబరం.

కంపెనీకి రాస్తే
కనీసం పాతిక కొనమంది, ఇరవై ఆరు వారాలు ఆగమంది.
కొనుగోళ్ల సెక్షన్లో వామనరావు గారు
మూడు కొటేషన్లు లేనిదే ఫైలు కదలదన్నారు.
ఒక్కచోటా దొరకని వస్తువుకి
మూడు ధరలు ఎక్కణ్ణించి తేను?

వెర్నియర్ పట్టుకు కూర్చున్నాను.
అంగుళాన్ని పదహారు ముక్కలు చేస్తే
పద్నాలుగు ముక్కల వెడల్పు.
పిన్నులు పంతొమ్మిది.
ఒక్కో పిన్ను పక్కన చీమ తలకాయంత అక్షరం,
ఏ నుంచి వీ దాకా.
ఐ లేదు, ఓ లేదు, క్యూ లేదు.
చీకట్లో, తొందరలో
ఒకటనో సున్నా అనో పొరబడతారని
ముందే తీసేశారట.
నా ఆధార్ కార్డులో పేరు కొట్టిన కుర్రాడికి
ఇందులో సగం జాగ్రత్త ఉన్నా బాగుండేది.

తార్నాకలో తొలి బస్సు.
గురువారం, జుమ్మేరాత్ బజార్.
పాత తాళాలు, మిక్సీ మోటార్లు, ఒంటి స్కేటు,
గోనెపట్టా మీద శనగల్లా కుప్ప పోసి
హష్మతుల్లా భాయ్ కనెక్టర్లు, కిలోల్లెక్కన.

నా ముక్కని ఆయన కళ్లతో చూడలేదు.
బొటనవేలు అంచున పెట్టి ఒక్క చుట్టు తిప్పాడు.
"గాడీలు ఐదు. మర కాదు, తిప్పి లాకు జేసేది."
రేడియో వర్క్‌షాపులో
ముప్పై ఏళ్లు టంకం పట్టిన వేలు అది.

కుప్పలోంచి ఒకటి తీశాడు. పంతొమ్మిదే.
కూర్చోలేదు.
లోపలి అమరిక
గాడికి కాస్త పక్కకి తిరిగి ఉంది.
ఆకురాయితో ఈ పన్ను అరగదీస్తే? అన్నాను.
చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.
"నక్కో అమ్మా. తప్పుది కూసోవద్దనే ఆ పన్ను బెట్టిండ్రు.
అరగదీస్తే అన్నీ కూసుంటయ్.
ఆ తర్వాత పొగే."

రెండో గురువారం లేదన్నాడు.
మూడోసారి వాన. టార్పాలిన్ కింద
చొక్కా జేబులోంచి తీశాడు,
సోంపు పొట్లంలా కాగితంలో చుట్టి.
ఎనభై రూపాయలు.
కొటేషన్లు మూడు కావాలంటే
పక్కనున్న చాయ్‌వాణ్ణి, గొడుగులు బాగుచేసేవాణ్ణి
గడ్డంతో చూపించి నవ్వాడు.

రాత్రి ల్యాబులో
టక్. కూర్చుంది.
ఆ శబ్దం కోసం మూడు వారాలు.

పంపు మొదలెట్టాం. ముల్లు దిగింది, దిగింది,
ఆగిపోయింది.
ఎక్కడో గాలి.
కరెంటు గోడ దాటాలి, గాలి దాటకూడదు,
ఫీడ్‌త్రూకి ఉన్న నీతి ఇంతే,
అదీ తప్పింది.
ఒక్కో పిన్ను చుట్టూ గాజుపూస మీద
దూదితో స్పిరిట్ అద్దుకుంటూ వచ్చాను.
కే దగ్గర ముల్లు ఉలిక్కిపడింది.
కనపడని పగులు.

వార్నిష్ పూసి ఆరబెట్టి
కే పిన్నుని ఖాళీగా వదిలేశాం.
మాకు పద్దెనిమిది చాలు.
తెల్లారేసరికి ముల్లు
ఎన్నడూ చూడని అడుగుకి దిగింది.

ప్లగ్గుకీ నంబరు లేదు.
పెయింట్ పెన్నుతో రాశాను:
హష్మత్, గురువారం.
నా తర్వాత వచ్చేవాళ్లు
ఏ కేటలాగులో వెతుక్కుంటారో.